మీ ప్రశ్నలు, మా జవాబులు: యాయీరు వచ్చేటప్పటికి కూతురు బతికుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సువార్తల మీదే, అంటే బైబిల్లో యేసు కథ చెప్పే మత్తయి, మార్కు, లూకా, యోహాను పుస్తకాల మీదే ఉన్నాయి. ఒకే సంఘటన మత్తయిలో ఒకలా, మార్కులో ఇంకోలా ఎందుకుందని. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం. పొడుగు ఉత్తరాల్ని కుదించాం, పేర్లు ఎవరివీ వేయలేదు.

ప్ర: మా బైబిల్ స్టడీలో సమాజమందిరపు అధికారి యాయీరు కూతుర్ని యేసు బతికించిన కథ చదువుతున్నామండీ. మార్కులో ఆయన "నా కూతురు చావుబతుకుల్లో ఉంది" అంటాడు, దారిలో ఉండగా చనిపోయిందని కబురొస్తుంది. మత్తయిలో అయితే వస్తూనే "ఇప్పుడే చనిపోయింది" అంటాడు. ఏది కరెక్ట్ అని అడిగితే "అలాంటివి అడక్కూడదమ్మా, విశ్వాసంతో చదవాలి" అన్నారు. నేనేం విశ్వాసం లేక అడగలేదు. మీరైనా చెప్పండి.

జ: అడగాల్సిన ప్రశ్నే అమ్మా. పైగా మంచి కథ పట్టుకున్నారు, మత్తయి, మార్కు, లూకా ముగ్గురిలో ఎవరు ఎలా రాస్తారో ఈ ఒక్క కథలోనే తెలిసిపోతుంది.

ముందు సైజు చూడండి. మార్కు 5వ అధ్యాయంలో ఈ కథ 23 వచనాలు, లూకా 8లో 17, మత్తయి 9లో 9 అంటే 9 వచనాలే. ఆ తొమ్మిదింటిలోనే మధ్యలో వచ్చే రక్తస్రావం ఉన్న స్త్రీ కథ కూడా చెప్పాలి, అందుకని మార్కు రాతని ముందు పెట్టుకున్న మత్తయి (అలా ఎందుకంటున్నానో తర్వాతి జవాబులో చూడండి) ఏం చేశాడంటే దారిలో కబురు తెచ్చే మనుషుల్ని మొత్తానికే తీసేశాడు. మరి వాళ్ళు లేకపోతే పిల్ల చనిపోయిన సంగతి యేసుకి ఎవరు చెప్పాలి? తండ్రే చెప్పాలి. అందుకే మొదటి మాటలోనే "ఇప్పుడే చనిపోయింది" అని వచ్చేసింది. యాయీరు పేరు తీసేశాడు, పేతురు యాకోబు యోహాను ముగ్గుర్నే వెంట రానిచ్చాడన్న సంగతి తీసేశాడు, "చిన్నదానా, లే" అని యేసు తన భాషలో అన్న తలీతాకుమీ తీసేశాడు, చివర్లో పిల్లకి తినడానికి ఏమైనా పెట్టండి అన్న ముద్దొచ్చే మాట కూడా తీసేశాడు. ఇన్ని కత్తిరించినవాడు కొత్తగా కూడా పెట్టాడు, పిల్లనగ్రోవులు వాయించేవాళ్ళని. అది మిగతా ఇద్దరిలో లేదు. ఆ కాలం యూదుల ఇళ్ళలో చావు జరిగితే అది మామూలే, ఎంత పేదవాడైనా భార్య పోతే రెండు పిల్లనగ్రోవులకి, ఏడ్చేందుకు ఒక ఆడమనిషికి తక్కువ కాకుండా పెట్టాలని యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే ఉంది. అంటే మత్తయికి డీటెయిల్స్ పడవని కాదు, తనకి పనికొచ్చేవే ఉంచుకుంటాడు.

లూకాకి ఇంకో అలవాటు. "ఒక్కగానొక్క కూతురు" అంటాడు, ఆ మాట మార్కులో గానీ మత్తయిలో గానీ వెతికినా దొరకదు. ఇప్పుడు లూకా 7 తీయండి, నాయీను విధవరాలి కొడుకు ఒక్కగానొక్కడే. లూకా 9లో దయ్యం పట్టిన అబ్బాయీ ఒక్కగానొక్కడే, అదే కథ మార్కు 9లో చదివితే ఒక్కడే అన్న ముక్క ఉండదు. తల్లిదండ్రుల బాధ దగ్గర ఆగకుండా లూకా ముందుకి వెళ్ళలేడు అంతే.

వైద్యుల సంగతీ చూడండి సరదాగా ఉంటుంది. మార్కు ఆ స్త్రీ గురించి చాలా ఘాటుగా రాశాడు, ఎంతోమంది వైద్యుల దగ్గర తిప్పలు పడింది, ఉన్నదంతా ఖర్చు పెట్టింది, నయం కాకపోగా ఇంకా పాడైంది అని. లూకా దాన్ని మెత్తబరిచి ఎవరివల్లా నయం కాలేదు అని ఊరుకున్నాడు, మత్తయిలో వైద్యుల ఊసే లేదు. లూకా వైద్యుడని కొలస్సయులకు రాసిన పత్రికలో ఉంది కాబట్టి తోటి వైద్యుల పరువు కాపాడాడని ప్రసంగాల్లో చెప్పి నవ్విస్తుంటారు, జోక్‌గా బాగానే ఉంటుంది గానీ దాన్ని రుజువు కింద తీసుకోకండి.

ఇక ఏది కరెక్ట్ అంటే, సంఘటన ఎలా జరిగి ఉంటుందని అడిగితే నేను మార్కు వైపే ఉంటాను, ఎందుకంటే మార్కు కథలో ఆలస్యమే అసలు కథ. పిల్ల చావుబతుకుల్లో ఉంది, తండ్రి కాళ్ళ మీద పడి బతిమాలి తీసుకెళ్తున్నాడు, జనం తోసుకుంటున్నారు, సరిగ్గా అప్పుడు యేసు ఆగి "నన్ను ముట్టుకున్నది ఎవరు" అంటాడు, శిష్యులు ఇంత జనంలో ఎవరని చెప్తాం అంటారు, ఆయన కదలడు, చుట్టూ చూస్తాడు, ఆమె వణుకుతూ వచ్చి జరిగిందంతా చెప్తుంది. ఇంతసేపూ యాయీరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అన్నట్టు మార్కు రాయలేదు. ఆమె 12 ఏళ్ళుగా జబ్బుతో ఉంది, ఆ పిల్లకి 12 ఏళ్ళు, ఈ రెండోది మార్కు కథ చివర పిల్ల లేచి నడిచాకే చెప్తాడు, లూకా ముందే చెప్పేస్తాడు. మత్తయిలో ఈ ఉత్కంఠంతా పోయింది, కాదనను, కానీ బదులుగా ఇంకోటి వచ్చింది. ఆ తండ్రి జబ్బు నయం చెయ్యమని రాలేదు, చచ్చిపోయిన పిల్ల మీద చెయ్యి పెట్టు బతుకుతుంది అని వచ్చాడు. ఎంత నమ్మకం ఉంటే ఆ మాట వస్తుంది!

కొందరు "ఆయన ముందు చావుబతుకుల్లో ఉందన్నాడు, తర్వాత చనిపోయిందన్నాడు, ఇద్దరూ చెరోటి రాశారు" అని సర్దేస్తారు. అలా అన్నట్టు రెండు పుస్తకాల్లోనూ లేదు, అది మనం రాసిన కొత్త కథ. ఈ దారిలో పోతే ఎక్కడ తేలతామో చూడండి, జర్మనీలో ఆండ్రియాస్ ఓసియాండర్ అనే ప్రొటెస్టెంట్ పండితుడు 1537లో నాలుగు సువార్తలనీ కలిపి ఒక పుస్తకం వేశాడు, వివరాలో క్రమమో తేడా వస్తే అది వేరే సంఘటనే అన్నది ఆయన లెక్క. దాంతో పాపం యాయీరు కూతురు ఒకసారి కంటే ఎక్కువసార్లు చనిపోయి లేవాల్సొచ్చింది.

ప్ర: మత్తయి, లూకా ఇద్దరూ మార్కుని చూసి రాశారని ఒక వీడియోలో విన్నాను. సాక్షులు ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాస్తే అది సాక్ష్యం ఎలా అవుతుంది సార్?

జ: చూసి రాశారన్నది మాత్రం దాదాపు తేలిపోయిన విషయమే తమ్ముడూ, ఎవరు ఎవర్ని చూశారన్న దగ్గరే వాదన. మార్కు 13:14, మత్తయి 24:15 పక్కపక్కన పెట్టి చదువు. ఒలీవల కొండ మీద యేసు శిష్యులతో మాట్లాడుతున్నాడు, నాశనకరమైన హేయ వస్తువు అనగానే మధ్యలో "చదివేవాడు గ్రహించుగాక" అని వస్తుంది. అక్కడ వింటున్నవాళ్ళే గానీ చదివేవాళ్ళెవరూ లేరు కదా, అది రాసినాయన మనతో అన్న మాట. ఆ మాట రెండు పుస్తకాల్లో సరిగ్గా ఒకే చోట ఉందంటే ఒకరి ముందు ఇంకొకరి రాత ఉందన్నమాటే.

లెక్క చూసినా అంతే. మార్కులో సుమారు 660 వచనాలుంటే అందులో దాదాపు 600 వచనాల సంగతి మత్తయిలో ఏదో ఒక రూపంలో ఉంది, లూకాలో సగానికి కాస్త పైన. మార్కే ముందు అని ఎక్కువమంది పండితుల మాట. ఇది కాక మార్కులో లేకుండా మత్తయి, లూకాల్లో మాత్రమే ఉన్నవి 200 పైచిలుకు వచనాలున్నాయి, బాప్తిస్మమిచ్చే యోహాను "సర్పసంతానమా" అని తిట్టే ప్రసంగం లాంటివి, అది రెండింట్లో దాదాపు అక్షరం పొల్లు పోకుండా ఉంటుంది, కానీ తిట్లు తినేవాళ్ళు వేరు! మత్తయిలో పరిసయ్యులు, సద్దూకయ్యులు అనే అప్పటి యూదు మత వర్గాలవాళ్ళు, లూకాలో వచ్చిన జనమంతా. ఇవన్నీ ఇప్పుడు దొరకని ఒక పాత పుస్తకంలోవి అని చాలామంది అంటారు, దానికి క్యూ అని పేరు పెట్టుకున్నారు. అబ్బే ఆ పుస్తకం అక్కర్లేదు, లూకా మత్తయిని కూడా చదివాడు అనేవాళ్ళూ ఉన్నారు, ఆస్టిన్ ఫారర్ అనే ఇంగ్లీషు పండితుడు 1955లో ఆ వాదన గట్టిగా పెట్టాడు. పైన చెప్పిన యాయీరు కథలోనే వాళ్ళకి ఒక చిన్న ఆధారం ఉంది. ఆ స్త్రీ ముట్టుకున్నది మార్కులో వస్త్రం, మత్తయిలోనూ లూకాలోనూ వస్త్రపు చెంగు. ఇద్దరూ విడివిడిగా మార్కునే చూసి రాస్తే ఇద్దరికీ ఆ చెంగు ఎలా దొరికింది? నన్నడిగితే ఫారర్ వైపు కాస్త మొగ్గుతాను, కానీ దీనికోసం ఎవరితోనూ గొడవ పడను.

సాక్ష్యం సంగతికి వస్తే, లూకా మొదటి నాలుగు వచనాలు చదువు, చాలామంది ఇలాంటి చరిత్ర రాయడానికి పూనుకున్నారు, నేనూ అన్నీ మొదటినుంచీ విచారించి రాస్తున్నాను అని ఆయనే చెప్తున్నాడు. తాను కళ్ళారా చూశానని అనలేదు, చూసినవాళ్ళ నుంచి వచ్చినవి అన్నాడు. ఆయన అనని మాట మనం ఆయన నోట్లో పెట్టి తర్వాత అబద్ధమాడాడని పట్టుకోవడం న్యాయం కాదు.

ప్ర: క్రిస్మస్ బొమ్మల కొలువులో జ్ఞానులు, గొర్రెల కాపరులు ఒకేచోట ఉంటారు కదా, ఇద్దరూ ఒకే రాత్రి వచ్చారా?

జ: ఇద్దరూ ఒకే పుస్తకంలోనే లేరండీ. జ్ఞానులు, నక్షత్రం, హేరోదు, ఐగుప్తుకి పారిపోవడం మత్తయివి. జనసంఖ్య, పశువుల తొట్టి, కాపరులు లూకావి. మత్తయిలో జ్ఞానులు వచ్చింది ఇంటికి. ముగ్గురని కూడా ఎక్కడా లేదు, కానుకలు మూడు అంతే.

ప్ర: గుడ్ ఫ్రైడే నాడు ధ్యానించే సిలువ మీది ఏడు మాటలు అసలు ఏ క్రమంలో పలికాడు? ఏడూ ఒకేచోట ఉన్న సువార్త ఏది?

జ: ఏదీ లేదు. మార్కు, మత్తయిల్లో ఒక్కటే మాట, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు". లూకాలో మూడు, ఆ మూడూ వేరే, వీళ్ళని క్షమించు అన్నది, నేడు నీవు నాతో పరదైసులో ఉంటావు అన్నది, నీ చేతికి నా ఆత్మను అప్పగిస్తున్నాను అన్నది. యోహానులో మరో మూడు, తల్లినీ శిష్యుణ్ణీ ఒకరికొకర్ని అప్పగించడం, దాహంగా ఉంది అనడం, సమాప్తమైంది అనడం. అందరివీ కలిపితే ఏడయ్యాయి, క్రమం తర్వాతివాళ్ళు కూర్చుకున్నది. క్షమించు అన్న మాటయితే కొన్ని పాత రాతప్రతుల్లో కనిపించదు కూడా.

ఏడు మాటల ధ్యానం వద్దని నేను అనను, మంచి ఆచారమే. కానీ ఏడూ వరసగా వింటే మార్కు చెప్పిన చావు ఎలాంటిదో మనకి అందకుండా పోతుంది. అక్కడ పక్కనున్న దొంగలిద్దరూ తిడుతున్నారు, మధ్యాహ్నం నుంచి చీకటి, తెలిసినవాళ్ళు ఆడవాళ్ళే, వాళ్ళూ దూరంగా నిలబడ్డారు. ఆ ఒక్క మాట అన్నాడు, తర్వాత గట్టిగా కేక వేసి ప్రాణం విడిచాడు, ఆ కేకలో ఏ మాటలున్నాయో మార్కు చెప్పడు. దాని వెంటనే సమాప్తమైంది, నీ చేతికి అప్పగిస్తున్నాను అని అతికించేస్తే ఆ భయం మొత్తం కరిగిపోతుంది, మనకి కాస్త ఊరటగా ఉంటుంది నిజమే, కానీ మార్కు మనకి ఊరటనివ్వాలనుకోలేదు. లూకా చెప్పే చావు వేరు, అక్కడ ఒక దొంగ మారతాడు, యేసు చివరిదాకా ఎవరికో ఒకరికి మేలు చేస్తూనే ఉంటాడు. ఒక సంవత్సరం మార్కు ఒక్కటే చదవండి, తర్వాతి సంవత్సరం లూకా ఒక్కటే.

ప్ర: నేను నాస్తికుణ్ణి. యెరికోలో గుడ్డివాడు ఒకడా ఇద్దరా, ఊళ్ళోకి వెళ్తుంటేనా బయటికొస్తుంటేనా, పేతురు యేసుని ఎరగనన్న రాత్రి కోడి ఒకసారి కూసిందా రెండుసార్లా, ఇవే తేలని పుస్తకాల్ని చరిత్ర అని ఎలా నమ్మమంటారు? కట్టుకథ అని ఒప్పుకుంటే పోలా?

జ: మీరు చెప్పినవన్నీ నిజంగా ఉన్న తేడాలే, దాచేదేం లేదు. కానీ మీరు ఎంచుకున్నవి చాలా తేలికవి సార్. యెరికో కథ మార్కులో బర్తిమయి ఒక్కడు, ఊరు దాటుతుంటే. మత్తయిలో ఇద్దరు, ఊరు దాటుతుంటేనే. లూకాలో ఒకడు, ఊరికి దగ్గరవుతుంటే. పాత యెరికో, కొత్త యెరికో అని రెండున్నాయి, ఒకటి దాటి ఇంకోదాంట్లోకి వెళ్తున్నాడు అని సర్దేవాళ్ళున్నారు, నాకది అతి తెలివిగా అనిపిస్తుంది. లూకాలో పేజీ తిప్పితే కారణం కనపడుతుంది, ఆయన దగ్గర ఊరి లోపల జరిగే జక్కయ్య కథ ఉంది, అది మిగతావాళ్ళ దగ్గర లేదు, దానికి చోటు కావాలి కాబట్టి గుడ్డివాడి కథ ముందుకి జరిగింది. మత్తయి ఇద్దర్ని చెప్పడం కూడా ఒక్కచోటే కాదు, గదరేనీయుల దేశంలో దయ్యాలు పట్టినవాడు మార్కు, లూకాల్లో ఒకడైతే అక్కడా ఈయన ఇద్దరంటాడు.

అసలు గట్టి తేడా కావాలంటే నేనే ఇస్తాను. మత్తయి, మార్కు, లూకాల్లో చివరి రాత్రి భోజనం పస్కా భోజనమే, అంటే ఐగుప్తు నుంచి విడుదలైనందుకు యూదులు చేసుకునే పండుగ భోజనం. యోహానులో అది పస్కాకి ముందు, ఎందుకంటే మర్నాడు పొద్దున యేసుని రోమా అధికారి పిలాతు దగ్గరికి తీసుకెళ్ళినవాళ్ళు మైలపడితే పస్కా తినలేమని లోపలికి అడుగు పెట్టలేదు (18:28). అంటే పస్కా ఇంకా తినలేదు. యోహాను లెక్కలో యేసు చనిపోయింది దేవాలయంలో పస్కా గొర్రెపిల్లల్ని వధించే రోజున, పుస్తకం మొదట్లోనే "ఇదిగో దేవుని గొర్రెపిల్ల" అని రాసినాయనకి అది ఊరికే పడ్డ తేదీ కాదు. గంటలూ కలవవు, మార్కులో సిలువ వేసింది పగలు మూడో గంటకి (మన లెక్కలో పొద్దున తొమ్మిది), యోహానులో ఆరో గంటప్పుడు (మధ్యాహ్నం) ఇంకా పిలాతు ముందే ఉన్నాడు. ఆనీ జోబేర్ అనే ఫ్రెంచ్ పండితురాలు 1957లో, మృత సముద్రం ఒడ్డున కుమ్రానులో ఉన్న యూదులు వాడిన సౌర పంచాంగం ప్రకారం యేసు ముందే పస్కా చేసుకున్నాడని వాదించింది, తెలివైన వాదనే కానీ నన్ను ఒప్పించలేదు. ఈ రెండూ కలవవు అనే నా అభిప్రాయం, విశ్వాసులైన పాఠకులకి కోపం వచ్చినా సరే.

అయితే కట్టుకథ అన్న మీ ముగింపు మాత్రం దీన్నించి రాదు. పస్కా రోజులు, శుక్రవారం, పిలాతు తీర్పు, బరబ్బ, సిలువ, అరిమతయియ యోసేపు, ఆదివారం పొద్దున మగ్దలేనే మరియ, వీటి దగ్గర నలుగురూ ఒకటే మాట. కూర్చుని కట్టుకునేవాళ్ళయితే ముందు తేదీ సరిచేసుకునేవాళ్ళు.

ప్ర: యేసుకి అత్తరు పూసిన స్త్రీ మగ్దలేనే మరియేనా? ఒక్కో పాస్టర్ ఒక్కోలా చెప్తున్నారు.

జ: కాదమ్మా, ఏ సువార్తలోనూ ఆ కథలో ఆ పేరు లేదు. మార్కు, మత్తయిల్లో బెతనియలో కుష్ఠరోగి సీమోను ఇంట్లో, పేరు చెప్పని స్త్రీ, తల మీద పోసింది. యోహానులో కూడా బెతనియే, కానీ ఆమె లాజరు చెల్లెలు మరియ, పాదాలకి పూసి తలవెంట్రుకలతో తుడిచింది. లూకా 7లో ఇది చాలా ముందు, పరిసయ్యుడైన సీమోను ఇంట్లో, ఆ ఊళ్ళో పాపాత్మురాలని పేరుపడ్డ స్త్రీ, కన్నీళ్ళు, పాదాలు, వెంట్రుకలు. సణిగింది ఎవరో కూడా చూడండి, మార్కులో కొందరు, మత్తయిలో శిష్యులు, యోహానులో ఇస్కరియోతు యూదా ఒక్కడే. మార్కు చెప్పే 300 దేనారాల పైన అన్న ఖరీదు యోహానులోనూ 300గా ఉంది, రోజుకూలి ఒక దేనారం కాబట్టి దాదాపు ఏడాది జీతం. బెతనియవి రెండూ ఒకే సంఘటన అనుకుంటాను, లూకాది వేరే, కాకపోతే చెప్పేవాళ్ళ నోళ్ళలో వెంట్రుకలు, సీమోను పేరు అటూ ఇటూ కలిసిపోయి ఉండొచ్చు.

మగ్దలేనే ఎలా వచ్చిందంటే, లూకా 7 అయిపోగానే 8వ అధ్యాయం మొదట్లో ఏడు దయ్యాలు వదిలిన మగ్దలేనే మరియ అని కొత్తగా పరిచయం అవుతుంది. పోపు గ్రెగొరీ 591లో ఒక ప్రసంగంలో పాపాత్మురాలు, బెతనియ మరియ, మగ్దలేనే ముగ్గురూ ఒక్కరే అన్నాడు, పడమటి సంఘంలో అదే పాతుకుపోయింది. కేథలిక్ సంఘం 1969లో పండుగల పట్టిక సవరించినప్పుడు ఆ కలగలుపు వదిలేసింది. తూర్పు సంఘాలు మొదట్నుంచీ వేర్వేరుగానే చూస్తున్నాయి. పద్నాలుగొందల ఏళ్ళు పాపం ఆమెకి లేని మచ్చ మోసింది.

ప్ర: ఇంత తలనొప్పి ఎందుకు, నాలుగూ కలిపి ఒకే కథగా రాసిన పుస్తకం లేదా? లేకపోతే పోల్చి చదవడం ఎలా మొదలెట్టాలి?

జ: ఉంది, ఎప్పుడో రాశారు. సుమారు 170లో తతియాను అనే సిరియావాడు నాలుగింటినీ కలిపి దియతెస్సరోను అని ఒకే కథ చేశాడు, సిరియా సంఘాల్లో రెండు వందల ఏళ్ళకి పైగా ఆరాధనలో అదే చదివేవాళ్ళు. 5వ శతాబ్దంలో సిరియాలోని కుర్రు ఊరి బిషప్ థియోడొరేతు తన పరిధిలో 200కి పైగా ప్రతులు ఏరి పక్కన పెట్టించి వాటి చోట నాలుగు సువార్తలు పెట్టించానని స్వయంగా రాసుకున్నాడు. సంఘం ఈజీగా ఉన్న ఒక్కదాన్ని కాదని, తేడాలున్న నాలుగింటినే ఉంచుకుంది, తెలియక కాదు. తేడాలు తెలుసు కాబట్టే సంఘ చరిత్రకారుడు యూసేబియస్ 4వ శతాబ్దంలో ఏ భాగం ఎవరెవరిలో ఉందో పది పట్టికలు వేసి పెట్టాడు. పక్కపక్క నిలువు వరసల్లో అచ్చు వేసే పద్ధతి జర్మన్ పండితుడు గ్రీస్‌బాఖ్ 1770ల్లో తెచ్చాడు, ఇప్పటికీ అదే మంచి పద్ధతి.

మీకు పుస్తకం దొరక్కపోయినా ఫర్వాలేదు, పెద్ద కాగితం అడ్డంగా పెట్టి నాలుగు గళ్ళు గీసి చేత్తో రాయండి, ఫోన్‌లో కాపీ పేస్ట్ వద్దు, రాస్తేనే తేడా కంటికి ఆనుతుంది. అందరిలో ఉన్న మాటకి ఒక రంగు, ఒక్కరిలోనే ఉన్నదానికి ఇంకో రంగు. ఎందుకు తేడా అని అప్పుడే అడక్కండి, ముందు ఏం తేడా అన్నది పూర్తిగా రాసుకోండి, వివరణ పుస్తకాలు ఆ తర్వాతే. మొదలుపెట్టడానికి అయిదు వేలమందికి భోజనం పెట్టిన కథ తీసుకోండి (మత్తయి 14, మార్కు 6, లూకా 9, యోహాను 6), పునరుత్థానం కాక నలుగురిలోనూ ఉన్న అద్భుతం అదొక్కటే. పచ్చగడ్డి ఎవరి గడిలో పడింది, రొట్టెలు తెచ్చిన చిన్నపిల్లాడు ఎవరి గడిలో ఉన్నాడు, 200 దేనారాల మాట ఎవరెవరిలో వచ్చింది రాసి పంపండి, వచ్చే నెల ఇక్కడే వేస్తాం.